ముందు చెవి చూడాలె

దబీర్‌పురా స్టేషన్ దాటిన ఆటోలో ఇద్దరే ఉన్నారు: నడుపుతున్న బాబూమియా, వెనక సీట్లో పిక్క పట్టుకుని కూర్చున్న వీధికుక్కలను పట్టి సూదులు వేయించే కాంట్రాక్టు సూపర్‌వైజర్ కైలాసం.

"జర జల్దీ నడుపు భాయ్. దవాఖానల సూదుల కౌంటర్ మూస్తరు."

"మూస్తె మూయనీ సాబ్. నీకు సూదెందుకు? కరిచింది మా గల్లీ షేరూ గాడే గద?"

"ఔ, వాడే."

"చెవి కొస కోసి ఉన్నదా?"

"ఉన్నది, ఉన్నది. ముందు సిగ్నల్ చూడు."

"మరి ఫికర్ ఏంది? చెవి కోసి ఉన్నదంటె ఆ కుక్కకు సూది పడ్డట్టే అని నువ్వే గద చెప్పినవ్. స్కూల్ కాడ షామియానా ఏసి, మైకు పట్టుకోని. 'కుక్క కరిస్తె పరేషాన్ కాకున్రి, ముందు దాని చెవి చూడున్రి' అన్నవ్. మావోళ్లు చప్పట్లు కొట్టి నీ మెడల పూలదండ గూడ ఏసిన్రు."

"అప్పటి ముచ్చట ఇప్పుడెందుకు?"

"ఎందుకేంది? అప్పటి సంది మా గల్లీల ఎవ్వన్ని కుక్క కరిచినా గాయం చూస్కుంటలేడు. కుక్క ముందల, కరిపిచ్చుకున్నోడు ఎన్క. 'ఓ బేటా, జర చెవి చూపియ్యి' అనుకుంట ఉరుకుతున్నడు."

"నవ్వకుంట నడుపు. కాలు మండుతున్నది."

"మంటకైతె మా బేగం ఉన్నది సాబ్. వాపస్ తిప్పాల్నా? కారంపొడి నూనెల కలిపి అద్దుతది. వీపుకు ఇత్తడి పళ్లెం పెట్టి దువా చదువుతది. పళ్లెం అతుక్కుంటె విషం ఉన్నట్టు, జారితె లేనట్టు. మా మనుమరాలు నుజహత్‌కు జర్రున జారింది."

"పొల్లకు కారంపొడి పెట్టిన్రా? సబ్బుతోటి కడుగుమన్న గద నేను."

"కడిగినంకనే పెట్టింది. యాదికున్నది అన్నట్టు నీకు."

"ఏది?"

"పోయిన జుమ్మా నాడు నేను ఫోన్ చేసింది. నుజహత్‌ను కుక్క కరిచింది సాబ్, దవాఖానకు తీస్కపోవాల్నా అని అడిగిన. ఏమన్నవ్?"

"నేనప్పుడు మస్తు పనిల ఉన్న భాయ్..."

"'ఏ కుక్క' అన్నవ్. షేరూ అన్న. 'చెవి కోసినదేనా' అన్నవ్. ఔనన్న. 'ఇంక దవాఖాన ఎందుకు, సబ్బుతోటి కడిగి పొల్లకు చాక్లెట్ కొనియ్యి' అన్నవ్. కొనిచ్చిన."

"మంచిగనే చేసినవ్. జర లెఫ్ట్ నుంచి పోనియ్యి, అటు జామ్ ఉన్నది."

"అదే కుక్క. అదే చెవి. అవే పండ్లు. పొల్లకు చాక్లెట్, నీకు సూది. గిదేం లెక్క సాబ్?"

"నాకు షుగర్ ఉన్నది."

"షుగర్‌కు గూడ కుక్క సూదే ఇస్తున్నరా ఇప్పుడు?"

"సతాయించకు భాయ్. ఊకె, పైలం కోసం పోతున్న."

"మా పొల్లకు పైలం వద్దాయె."

"అట్ల కాదు..."

"ఎట్ల మరి? గాలి మంచిగ కొడుతున్నది, నీకు చెమటలెందుకు పడుతున్నయ్?"

"భాయ్, ఒక్క మాట. షేరూ ఎట్లున్నడు? నీళ్లు తాగుతున్నడా?"

"నిన్నటి సంది ఏం ముడుతలేడు. ఊకె చొంగ కారుస్తున్నడు. గొంతుల మటన్ బొక్క ఇరికిందనుకున్నం. పక్కింటి మాజ్ షేరూ నోట్లె చెయ్యి పెట్టి దేవిండు, ఏం దొరకలే."

"నోట్లె చెయ్యి పెట్టిండా?"

"పెడితె ఏమైతది? చెవి కోసినదే గద."

"జల్దీ నడుపు భాయ్, జల్దీ."

"కైలాసం సాబ్."

"ఊఁ."

"షేరూకు సూది ఏసిన్రా?"

"బండి వచ్చింది భాయ్. వల వచ్చింది. కత్తెర వచ్చింది."

"మందు?"

"రేపొస్తది అన్నరు. పట్టుకున్న కుక్కల్ని ఇడిచిపెడితె మళ్ల దొరుకుతయా? పైనోళ్లేమో ఫోటోలు పంపు, ఫోటోలు పంపు అని ఒక్కటే లొల్లి. సూది ఏసింది ఫోటోల కనబడది, చెవి కోసింది కనబడతది. చెవులు కోసి పంపిన. మందు వచ్చినంక ఏద్దామనుకున్న."

"వచ్చిందా మందు?"

"వచ్చింది."

"మరి?"

"చెవి కోసినయ్‌ని ముట్టొద్దు, చెవి మంచిగున్నయ్‌నే పట్టాలె అని ఆర్డర్. షేరూ కనబడ్డడు. చెవి చూసి మావోళ్లే ఇడిచిపెట్టిన్రు."

"నువ్వు చెప్పొద్దా, వీనికి మందు పడలేదని?"

"ఎట్ల చెప్పాలె? ఫోటో పోయింది గద."

"ఫోన్ల నాకు చెప్పొద్దా? నేను ఫోటో అడగలే. పొల్లను దవాఖానకు తీస్కపోవాల్నా అని ఒక్క మాట అడిగిన. చిన్న పొల్ల అది."

"ఏం గాదనుకున్న భాయ్. దేవుని మీద ఒట్టు, ఏం గాదనుకున్న."

"నిన్ను కరిస్తె మాత్రం అయితదనుకున్నవ్. ఇప్పుడు పోతె సూది ఇస్తరా పొల్లకు? జుమ్మా నాడు కరిచింది."

"ఇస్తరు. లేటైనా ఇస్తరు. ఎంత జల్దీ పోతె అంత మంచిది. పొల్లను ఇంట్లోళ్లను తీస్కరమ్మను... ఏ, ఎటు తిప్పుతున్నవ్? దవాఖాన అటు."

"నుజహత్ ఇటున్నది. మాజ్ ఇటున్నడు."

"మరి నేను?"

"నువ్వు గూడ వస్తవ్. నిన్ను ఈడనే దింపిపోతె నాకూ నీకూ ఏం ఫరక్? కాని వాళ్లు ఎక్కేలోపల గల్లీ నడుమ నిలబడి ఒర్రు. చెవులు ఉత్తగనే కోసినం, కరిపిచ్చుకున్నోళ్లందరు సూదికి పోన్రి అని."

"అందరి ముందటనా?"

"పూలదండ అందరి ముందటనే ఏసిన్రు."

"చంపుతరు భాయ్ నన్ను."

"చంపరు సాబ్. నువ్వు నేర్పినట్టే చేస్తరు. చెవి కోసి ఇడిచిపెడతరు."