ఆ కాగితం కింద నా వేలిముద్ర

అక్షరం ముక్క రానిదాన్నా? నేనా? ఎవరు రాయమన్నారు లాయరమ్మా ఈ మాట? ఇదిగో, పిటిషన్ మొదటి పేజీలోనే ఉంది, వేలు పెట్టి చూపిస్తా. "చదవడం, రాయడం రాని వృద్ధురాలు." ఆహా!

మీ గుమాస్తాని కేకలెయ్యకండి. పాపం, ఆయన టైపు కొట్టాడంతే. ముందు నా మాట వినండి.

ఆ ఇన్‌స్పెక్టరు మా అబ్బాయిని కొట్టాడని రాశారు, బాగుంది. ఎందుకు కొట్టాడో రాయలేదేం? సిగ్గుగా ఉందా? నాకు లేదు. మావాడు టైలరు కదా, కొత్త యూనిఫాంకి కొలత తీస్తుంటే ఆ మహానుభావుడు పొట్ట లోపలికి పీల్చి, ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు. "వదిలేయండి సార్, మామూలుగా నిలబడండి" అన్నాడు మావాడు. "నా పొట్ట ఇంతే, రాసుకో" అన్నాడట. రాసుకున్నాడు. కుట్టాడు. పెరేడ్‌లో పెద్దాఫీసరు ముందు సెల్యూట్ కొట్టగానే గుండీ ఊడి ఎగిరి ఆయన బూటు మీద పడింది! జనం నవ్వరూ మరి?

ఒక్క గుండీ తల్లీ! మర్నాడే వచ్చి "అనుమానం మీద విచారణ" అని పట్టుకెళ్ళారు. దేని మీద అనుమానం? తన పొట్ట మీదా?

రెండు రోజులు లోపలే. "ఏ చేత్తో కత్తిరిస్తావురా?" అని అడిగి మరీ ఆ చేతి మణికట్టు విరగ్గొట్టారు. మనుషుల్లో ఇంత శ్రద్ధ కూడా ఉంటుందా అని ఇప్పటికీ ఆశ్చర్యంగానే ఉంటుంది నాకు.

ఇక స్టేషన్లో వాళ్ళు రాసుకున్న ఆ కాగితం. "నా కొడుకు స్టేషన్ మేడమెట్ల మీంచి జారిపడ్డాడు, పోలీసువారే దయతో లేవదీశారు" అని నేను చెప్పినట్టు రాశారు. మేడట! అది ఒంటిగది కొట్టంలా ఉంటుంది, గడప తప్ప ఇంకో మెట్టు లేదు. అబద్ధం రాసేవాడు ఒక్కసారి తలెత్తి గోడలకేసి చూసుకోవద్దూ? అబద్ధంలోనూ బద్ధకమే!

దాని కింద వేలిముద్ర చూసి మీరు ఇలా రాశారు. పాపం ముసలిది, ఏముందో తెలీక వేసిందంటే ఆ కాగితం చెల్లదని. తెలివైన ఎత్తే.

కానీ నేను చదివాను లాయరమ్మా.

అవును. అరవై రెండో ఏట మనవరాలి పక్కన కూర్చుని నేర్చుకున్నాను. ఒత్తులొస్తే ఇప్పటికీ ఆగుతాను. ఆ రోజూ ఆగాగి, కూడబలుక్కుని, చివరిదాకా చదివాను. కాగితం రాసిన కానిస్టేబులు నవ్వాడు. "ఏంటి ముసలమ్మా, చీమల్ని లెక్కపెడుతున్నావా?" అని సిరా డబ్బా నా ముందుకు తోశాడు. కటకటాల వెనకనుంచి మావాడు "అమ్మా" అన్నాడు. ఒక్కసారే. "వేలెయ్యి, నీ కొడుకుని తీసుకుపో" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

సంతకం కుదరడానికి నాకు మూడు నెలలు పట్టింది తల్లీ. దాన్ని అక్కడ పెట్టబుద్ధి కాలేదు. వేలిచ్చాను.

ఏమంటున్నారు? ఈ సంగతి మనిద్దరి మధ్యే ఉండనివ్వమంటారా? రేపు వాళ్ళ లాయరు బోనులో కాగితం చేతికిచ్చి చదవమంటే గుడ్లప్పగించి చూడనా? వద్దు. చదివింది, అబద్ధమని తెలుసు, కొడుకు ప్రాణానికి భయపడి వేసింది అని రాయండి. నెగ్గడం కష్టమైతే కానీయండి.

ఇంకోటి ఉంది. కట్టు కట్టించుకుని ఇంటికొచ్చాక మావాడు అడిగాడు, "నువ్వు చదవలేదా అమ్మా?" అని. కళ్ళజోడు మర్చిపోయి వెళ్ళానురా అన్నాను. నమ్మాడు. ఇన్నాళ్ళూ వాళ్ళని అబద్ధాలకోరులని తిడుతూ తిరుగుతున్నాను, వాడితో కలిసి.

మీ వరండాలో బెంచీ మీదే కూర్చున్నాడు. ఉండండి, మీరు పిలవొద్దు. నేనే వెళ్ళి చెబుతాను.