ర్యామ్ మీద బొట్టు

దసరా మరునాటి పొద్దున. శంషాబాద్‌లో ముఖీత్ కంప్యూటర్ రిపేరు దుకాణం షట్టరు సగమే లేచింది. భాగ్యలక్ష్మి దాని కింద నుంచి వంగి లోపలికి దూరి, దాన్ని మళ్ళీ కిందికి దించి, కొంగు చాటున తెచ్చిన నల్ల పెట్టెను బల్ల మీద పెట్టింది.

“షట్టరు దించుడెందుకక్కా? దొంగ సొమ్మా ఏంది?”

“నీ నోట్ల మన్నువడ! మా మనీషా ఆఫీసుది. జర జల్దీ చూడు ముఖీత్ తమ్మీ. ఆఫీసుల ఏదో కాయిదం తీసుకొస్తనని పోయింది. పదకొండింటికి ఇంటికొచ్చి ఈ పెట్టె పట్టుకొని ఎయిర్‌పోర్టుకు పోవాలె. బెంగళూరుల పెద్దపెద్దోళ్ళకు చూపించాలంట.”

“సరే, తెరువనీ. అరె... ఇదేంది, ఎర్రగ?”

“కుంకుమ.”

“ఈ పచ్చది?”

“పసుపు. జర నీళ్ళల్ల కలిపి...”

“ఈ గింజ?”

“బియ్యం. తడి గుంజుతదని గంటసేపు బియ్యం డబ్బల పెట్టిన. అన్ని అడగకు, బాగు చెయ్యి.”

“ర్యామ్‌కు బొట్టు పెట్టినవా అక్కా!”

“నిన్న ఆయుధాలకు పూజ కాదా? మీ బావ స్పానర్లకు పెట్టిన, మిక్సీకి పెట్టిన, స్కూటీకి పెట్టిన. నా బిడ్డ బతుకంత దీంట్లనే ఉండె, దీనికి పెట్టకుంటె ఎట్ల? పొద్దున అది ఫోన్ల ఎవరితోనో అంటుంటె విన్న, నీళ్ళ చుక్క తగిలితె చాలు, ఖతమంట. అది గడప దాటంగనే ఉరికొచ్చిన. ఖతమైందా తమ్మీ? నిజం చెప్పు.”

“ఆగు, చూడనీ... యా అల్లా.”

“ఏంది? ఏంది యా అల్లా?”

“భయపడకు. ఇసొంటిది ఫోటోలనే చూసిన, చేతుల పట్టుకునుడు ఇదే మొదలు. పాత ర్యామ్‌కు కింద దువ్వెన పండ్ల లెక్క ఉంటయ్, గాడిల గుచ్చుతం. మురికి పడితె పిల్లల రబ్బరుతో రుద్దితె సాఫ్. దీనికి పండ్లు లేవు. పలక లెక్క పండవెట్టి స్క్రూలు బిగించుడే. ఈ బంగారు చుక్కలు చూసినవా? వందలున్నయ్. రుద్దితె పోతయ్. స్పిరిట్ ముంచిన బ్రష్షుతో ఒక్కొక్కటి తుడవాలె. ఒక్కటి పాడైనా...”

“పాడైతె?”

“ఏం కాదు లే.”

“నడుమ మాట మింగకు! ఇంత ముక్క కోసం అది తిండి గిట్ట మానేసి కొట్టుకుంటది. ఏం చేస్తదిది?”

“విమానం ఎంత జోరుగ ఎగిరితె ఏం ఫాయిదా అక్కా, ఎయిర్‌పోర్టుకు పొయ్యే తొవ్వల ఆరాంఘర్ ట్రాఫిక్‌ల మన బండి ఆగిపోతే? ఫోన్లల్ల, ల్యాప్‌టాప్‌లల్ల గదే పరేషాని. లోపటి బుర్రకు జోరు పెరిగింది. దానికి సామాను అందించే తొవ్వ ఇరుకైంది. ముందుముందు ఫోనే మనతోని మాట్లాడతది, దవాఖాన చిట్టి ఫోటో కొడితె చదివి చెప్తది. గంత సామాను పోవాలంటె తొవ్వ వెడల్పు కావాలె. ఇది గా తొవ్వ.”

“తొవ్వ మీద పసుపు నీళ్ళు పోసిన! నా చేతులిరగ!”

“ఊకో అక్కా. నా బాధ విను. జోరు కోసమని కంపెనీలోళ్ళు ర్యామ్‌ను బోర్డుకే అతికేస్తున్నరు. పోయిందంటె మొత్తం పారేసుడే. ఇగ నా దుకాణానికి ఎవడొస్తడు? ఇది గట్ల కాదు, జోరు జోరే, స్క్రూ తీసి మార్చుకోవచ్చు. మీ బిడ్డ పని కుదిరితె నా అసొంటోనికి ఇంకో పదేండ్లు బువ్వ.”

“అయితె నువ్వు కూడ దండం పెట్టు.”

“పెట్టిన, నా తీరుగ. నువ్వు మాత్రం ఇంకో బొట్టు పెట్టకు.”

“ఎర్రది పోయింది కద? ఇగ పనిచేస్తదా?”

“కరెంటు పెట్టి చూద్దామంటె దీనికి తగ్గ బోర్డు నా దగ్గర లేదు. ఊళ్ళ ఎవ్వరి దగ్గర లేదు.”

“అంటె... అంతమంది ముంగట పెట్టినంకనే తెలుస్తదా? వద్దు తమ్మీ, వద్దు. ఇంకోసారి నౌకరి పోతె నా బిడ్డ లేవది. పోయినేడు దసరా అయిన నాలుగో నాడే పోయె. ‘కంపెనీ మందిని తగ్గిస్తుందమ్మా’ అన్నది. ఆర్నెల్లు తలుపేసుకొని కూసుంది. అంత మా ఎదురింటి అమృతమ్మ దిష్టి. గందుకనే ఈసారి బొట్టు నిండుగ పెట్టిన.”

“ఈసారి అంటె... పోయినేడు కూడ పెట్టినవా?”

“పెట్టకుంట ఉంటనా? దాని బ్యాగుల గిట్లనే పచ్చ ముక్క ఒకటుండె. ఏదో చిన్నగ పెట్టిన. చిన్నగ పెట్టుడే తప్పయింది.”

“నాలుగో నాడే...”

“చెయ్యి ఆపినవేంది తమ్మీ? కండ్లు తుడుసుకుంటున్నవ్?”

“ఏం లేదక్కా. స్పిరిట్ ఘాటు. నీ ఫోన్ మోగుతుంది చూడు.”

“అయ్యో, అదే! మనీషానే! నేను ఎత్త. నువ్వెత్తు. లేదులేదు, నొక్కు, స్పీకర్ల పెట్టు... బిడ్డా!”

“అమ్మా, ఏడున్నవ్? ఇంటి పక్కోళ్ళకు ఫోన్ చేస్తె తాళమేసి ఉందంటున్నరు.”

“ఈడనే... ముఖీత్ దుకాణంల. పెట్టె, నీ పెట్టె... నేను కావాలని చేయలే బిడ్డా, నీ మంచికేనని...”

“బొట్టు పెట్టినవా?”

“పెట్టిన. తడి కూడ తగిలింది. నన్ను ఏమన్న అను. నువ్వింటికి రా, ఇద్దరం పోయి మీ సారు కాళ్ళు మొక్కుదం.”

“ఏడవకమ్మా. నేను ఆఫీసు నుంచి సీదా ఎయిర్‌పోర్టుకే వచ్చేసిన. అసలుది నా బ్యాగుల ఉంది. నీ దగ్గరున్నది చెడిపోయిన ముక్క. నువ్వు దానికి బొట్టు పెడతవనే పెట్టెల ఉంచిన.”

“యా అల్లా! మనీషా, గంట నుంచి చెడిపోయిన ముక్కకు స్నానం చేపిస్తున్ననా నేను?”

“సారీ ముఖీతన్నా. మా అమ్మ సంగతి నీకెర్కే కద.”

“నా తల్లీ! పానం లేచొచ్చింది. అయితె... నేను పెడతనని నీకెట్ల తెలిసిందే?”

“ఏటా పెడతవ్ కదమ్మా.”

“పోయినేడు పెట్టింది... అది కూడ చెడిపోయిన ముక్కనేనా?”

“ఇనబడతలేదమ్మా, ఈడ లొల్లి ఉంది.”

“నాలుగో నాడే కద నీ నౌకరి పోయింది. కంపెనీ మందిని తగ్గించిందంటివి. గంతేనా? నా మీద ఒట్టేసి చెప్పు బిడ్డా.”

“లైన్ల నా వంతొచ్చిందమ్మా, ఫోన్ పెడుతున్న. ముఖీతన్న తుడిచేసిండేమో, ఆ ముక్కను ఇంటికి తీసుకపోయి మళ్ళ బొట్టు పెట్టు. నిండుగ పెట్టు.”