భయం పోకముందే సాక్ష్యం

ఓడిపోయిన సందర్భం ఒకటి రాసి పంపమని, సీటుకి దరఖాస్తు పెట్టినమ్మాయిని విదేశీ మెడికల్ కాలేజీ అడిగింది. రాజోలులో ఇంట్లో కూతురు రాసిన ఆ వ్యాసం చదివిన తండ్రి, ఆమె వైపు తిరిగాడు.

"వరద క్యాంపులో ఓ ముసలమ్మ కాలి రక్తం చూసి పారిపోయేనని రాస్తావా? సీటెవరిస్తారే?"

"మీరు చర్చిలో అందరి ముందూ మీ తాగుడు గురించి సాక్ష్యం చెప్పలేదాండీ, నాన్నగారూ?"

"మానేసేక చెప్పేనమ్మా. నీకా భయం పోయిందా?"

"లేదండి."

"మరి డాక్టరెలా అవుతావు?"

"మళ్ళీ లోపలికెళ్లేనండి. ఆ ముసలమ్మగారికి కాలికి కుట్లేసినంతసేపూ పక్కనే కూర్చున్నాను."

"చెయ్యి పట్టుకుని ధైర్యం చెప్పేవన్నమాట! అదెందుకు రాయలేదు?"

"చెయ్యి పట్టుకుని ధైర్యం చెప్పింది ఆవిడండి."