నూకమ్మప్ప కోసేసిన ఎర్ర పైపు

ఏటిరా వరహాలూ, స్కూటరు పెట్రోలుకి ఆ పైపేటి? పాత కూలరుదా? ‘చలేగా దాదా, నడిసిపోద్దిలే తాతా’ అంతన్నావు. చలేగా! ఈ ఊల్లో సగం కొంపలు ఆ మాటతోనే కాలినాయి. కూకో ఇలాగ. నూకమ్మప్ప ఉండుంటే నీ సెవి మెలేసి, ముందు దాన్ని నొక్కి సూడరా గుంటడా అనేది. ఎవరా? ఓరి నీ! మీ నాన్న సెప్పలేదేటి? సెప్పడు. మనోల్లెవరూ సెప్పరు. నాను సెప్తాను, ఎవడేటనుకున్నా నాకు లెక్కలేదు. అసిరయ్య అని రైల్వేలో గ్యాంగ్‌మేన్ ఉండీవోడు, ఆయన పెల్లాం. ఆయన పోయాక ఖర్కాయి నది మీద పడవ నడిపింది. కళింగపట్నం పక్క సముద్రపొడ్డున పుట్టిన మనిసి, నీల్లంటే బెదురా? పడవ ఎనకాల తగిలించే మోటారుండేది. అప్పుడు మనం నది అవతల, గమ్హరియా దిక్కున ఉండీవోల్లం. ఉక్కు ప్లాంటు ఇవతల, ఆస్పత్రి ఇవతల. వానాకాలం వంతెన మూసేత్తే ఆవిడ పడవే గతి. మోటారు లోపలికెల్లిన నది నీరు ఇంజన్ని సల్లార్చి, పక్కనించి సన్నటి ధారగా బయటికొత్తాది. ‘ఉచ్చ పోత్తందా నేదా సూడండర్రా, అదాగితే మాడిపోద్ది’ అని అరిసేది, పెద్దా సిన్నా లేదు. మా ఫోర్మేన్ గోవిందరావుగారు సిగ్గుతో తల దించుకునీవోడు పాపం.

ఆ, ఏటంతన్నాను? పైపులు. ఆ ఏడు రెండు పైపులూ పగిలినాయి, పెట్రోలుదీ నీల్లదీ. పడవ మోటారుకేసేవే కావాలని కలకత్తాకి కబురెట్టింది. మా బావ బలరామ్ ఊరుకుంటాడేటి? వెల్డింగ్ షాపు మనిసి. మన ప్లాంటోల్లకి అదో జబ్బురా, కంపెనీ సరుకంటే ప్రసాదమే. గేటుకి కంపెనీ రేకు, బట్టలారేసే తీగ కంపెనీది, సంటిపిల్ల ఉయ్యాల గొలుసు కూడా కంపెనీదే. ‘అప్పా, ఇది గ్యాస్ వెల్డింగ్ పైపు, ఎంత ప్రెజరు తట్టుకుంటాదో తెల్సా? నీ పెట్రోలెంత!’ అన్నాడు. ఆవిడ వొద్దంది. ఆవిడ అన్నానికెల్లినప్పుడు సూసి ఆ గ్యాస్ ఎర్రపైపే బిగించేసినాడు. నీల్లకేమో మొక్కలకి పట్టే పైపు.

సరిగ్గా ఆ మర్నాడే మీ మామ్మకి నొప్పులొచ్చినాయి. తొలికానుపు. వంతెన మీదికి నీరొచ్చేసింది. మంచంతో మోసుకొచ్చి పడవలో ఎట్టినాం. నూకమ్మప్ప మోటారు తాడు లాగబోయి ఆగిపోనాది. వాసన పట్టింది. ఎర్రపైపు నొక్కి సూసింది, ఉబ్బిపోయి జిగురుగా ఏలికంటుకుంది. అడుగుపలక ఎత్తితే నీల్లమీద పెట్రోలు తెట్టు కట్టున్నాది. కత్తి తీసి పైపు కసుక్కున కోసేసింది. మా బావ గోల గోల! ‘ఓలమ్మో, మనిసివా రాకాసివా? బిడ్డకేటన్నా అయితే నీదే పాపం!’ ఆవిడ తగ్గుద్దేటి? ‘ప్రెజరు తట్టుకుంటాది గానీ పెట్రోలు తట్టుకోదురా నీ రబ్బరు, తాగేత్తాది! నిప్పురవ్వ పడితే దీన్నీ, దీని కడుపులోదాన్నీ నడి ఏట్లో కాల్సమంతావా? నీ మొక్కల పైపు వేడికి నొక్కుకుపోతే నీరెలాగెల్తాది? నోరు మూసి గెడ పట్టు!’ అంది. గెడలేసినాం. వరద లాగేసింది, ఎక్కడో దిగువకి పోయి తేలినాం. ఆలీసమైపోనాది. బిడ్డ పడవలోనే పుట్టేసింది. ఆడపిల్ల. ఏడవలేదు.

అంతే, ఇంక ఊరు ఊరంతా ఆవిడ మీదే. మోటారేసుంటే బతికేది, బిడ్డని మింగేసింది అన్నారు. ఆడోల్లు ఆ పడవెక్కడం మానేసినారు. మా బావయితే సచ్చేదాకా అదే మాట. పోయింది ఆడి కూతురా? నా కూతురు. ఏడ్సింది నాను. నాను సెప్తన్నాను, ఆవిడ సేసిందే రైటు. మోటారేసుంటే బతికేదేమో. నలుగురం మాడిపోయీవోల్లమేమో కూడా! ఆ ఏమో మీద మీ మామ్మని పందెం కాయనంది. నాకది సాలు.

మరుసటేడు అమ్మవారి ఘటం నది దాటించాల. ఎప్పుడూ నూకమ్మప్ప పడవలోనే దాటేది. ఆ ఏడు పండగ కమిటీ పెద్ద పోలరాజు ఏరే పడవ మాటాడేసినాడు. ఆవిడ తన పడవలో ఒక్కర్తీ కూకున్నాది. కలకత్తా పైపులు అప్పటికి బిగించేసింది, పెట్రోలుది నొక్కితే గట్టిగా ఉంటాది, నీల్లదానికి లోపల గుడ్డ అల్లిక. ఎవులు సూత్తారు? డప్పులు మోగతన్నాయి. ఘటం మీ మామ్మ నెత్తి మీదున్నాది, ఆ ఏడు మొక్కుకుంది మరి. కమిటీ పడవ దాకా నడిసింది. దాన్ని దాటేసింది. మోకాల్లోతు నీల్లలో దిగి, ఎల్లి నూకమ్మప్ప పడవెక్కి కూకుంది! ‘అపచారం తల్లీ, దిగు’ అన్నాడు పోలరాజు. ‘నన్ను నిప్పుకియ్యకుండా దాటించింది ఈ పడవే. అమ్మోరూ ఇందులోనే దాటుతాది. కాదన్నోడెవడో వొచ్చి నా నెత్తిమీంచి ఘటం దింపండి’ అంది. ఎవడొత్తాడు? నూకమ్మప్ప లెగిసింది. తాడు లాగింది. మోటారందుకుంది. నది మజ్జికెల్లాక అరిసింది మీ మామ్మేరా, ఘటం పట్టుకుని, ఈ ఒడ్డుకీ ఆ ఒడ్డుకీ ఇనబడేటట్టు: ‘అప్పా, ఉచ్చ పోత్తన్నాదే!’

...

ఏటలాగ సూత్తావు? మామ్మనడిగి కత్తి పట్రా. నీ పైపు నానే కోత్తాను.