నీటి రంగు

అల్లవరం దగ్గర రొయ్యల చెరువు గట్టు మీద, మోటారు షెడ్డు నీడలో, ఎంటెక్ చదివే కూతురు ఒళ్ళో లాప్‌టాప్ పెట్టుకుని తండ్రి పక్కన కూర్చుంది. నిద్ర లేక ఆమె కళ్ళు మండుతున్నాయి.

“మళ్ళీ చూడండి నాన్నగారూ. ఆక్సిజన్ తగ్గిన చెరువులు ఎర్రగా, బాగున్నవి పచ్చగా వేసేను. రైతులు చూడగానే పోల్చుకోకపోతే ఈ మ్యాప్ దండగని మా గైడు తిప్పి పంపేసేరు.”

“బాగానే ఉందమ్మా.”

“బాగుండడం కాదండీ. ప్రమాదంలో ఉన్న చెరువేదో వేలు పెట్టి చూపించండి.”

“ఎండకి కనపడ్డం లేదు.”

“నీడలోనే ఉన్నాం కదండీ.”

ఆయన ముఖం తిప్పుకున్నాడు.

“నాకన్నీ ఒకలాగే ఉన్నాయమ్మా.”

ఆమె చేతులు ఆగిపోయాయి. ఎరుపూ పచ్చా ఒకలాగే కనిపించే ఇలాంటి చూపు గురించి క్లాసులో చెప్పారు. పరీక్షలో తను బాగా రాసింది కూడా.

“చిన్నప్పట్నించీనా?”

“ఆయ్.”

“మరి చెరువు నీళ్ళు పచ్చగా ఉన్నాయో, ఎర్రబడ్డాయో ఇన్నాళ్ళూ ఎలా తెలిసేదండీ?”

“మీ అమ్మ చూసేది. పొద్దున్నే టీ పట్టుకొచ్చి, నీళ్ళు చూసి చెప్పి వెళ్ళేది.”

అమ్మ పోయిన తర్వాతి పంటలో రొయ్యలన్నీ చచ్చి తేలాయి. దిగులుతో చెరువు గాలికొదిలేశాడని ఊరంతా అంది.

“నీళ్ళు రంగు మారితే చూసుకోలేదా అని నేనూ అరిచేను కదండీ. అప్పుడైనా చెప్పొచ్చుగా?”

“మీ అమ్మకి తప్ప ఎవరికీ చెప్పలేదమ్మా.”

ఆమె లాప్‌టాప్ మూసేసింది. ఆయన చెరువు వంకే చూస్తూ అడిగాడు.

“ఇవాళ నీళ్ళెలా ఉన్నాయమ్మా?”