అక్క కిడ్నీకి తిప్పతీగ కషాయం

నిజామాబాద్ దవఖానల డాక్టర్ పిలుపు కోసం అక్కాతమ్ముళ్లు కూసున్నరు. తమ్మునికి పెట్టిన అక్క కిడ్నీ దెబ్బతింటున్నదని ఇప్పుడే రిపోర్టు వచ్చింది. తమ్ముని సంచిల దొరికిన సీసా వాసన చూసి అక్క ముక్కు మూసుకున్నది.

“థూ, ఏందిరా ఇది?”

“తిప్పతీగ కషాయమక్కా. నెల సంది తాగుతున్న. మొన్న బోధన్ తొవ్వల చెరుకు లారీని ఒక్క చేత్తోని ఆపిన.”

“తాకత్ పెరిగింది నీకు కాదురా, నీ రక్తంల కాపలా కణాలకు. డాక్టర్ చెప్పంగ ఇనలేదా? అవి ఒక్కొక్క కణం కాడికి పోయి మీదున్న గుర్తు చూస్తయట. పరాయిదైతే అతుక్కొని, బొక్క పెట్టి, లోపల విషం పోస్తయట. అది సచ్చినంక ఇంకోదాని మీద పడ్తయట. వాటిని ఆపెటందుకే గోలీలిచ్చిండ్రు.”

“ఒక్క కడుపున పుట్టినం. నీది నాకు పరాయిదెట్లయితది?”

“వాటికి ఆ ముచ్చట తెల్వదు. గోలీలన్న ఏసుకుంటున్నవా?”

తమ్ముడు తల వంచుకున్నడు.

“రెండు మందులు కలిపితే పడవని కషాయమిచ్చినాయన అన్నడు. గోలీలు బందు పెట్టిన.”

అక్క చెయ్యి తెల్వకుండనే నడుం పక్కన కుట్ల మచ్చ మీదికి పోయింది.

“లోపలికి పోయి అంతా డాక్టర్‌కు చెప్పు. కిడ్నీ పోయిందంటే మాత్రం ఇటు చూడకు. నాకు మిగిలింది ఒక్కటే.”