వెంకటనారాయణ చెవి, అడవికోడి గుడ్డు

ముందే చెప్తున్నాను, ఏ మాట ముందో ఏ మాట వెనకో నాకు కొంచెం తారుమారు కావచ్చు. జరిగింది మాత్రం ఇదే.

భద్రాచలం రోడ్డు పక్కన ముత్తక్క చాయ్ హోటల్ దగ్గరికి ఆ పొద్దున కమ్లి ఉరికొచ్చింది. తునికాకు కోయబోతే పొద కింద అడవికోడి గూడు కనబడిందట. ముంగిస తినగా ఒక్క గుడ్డు మిగిలింది. ఇంట్లో కమ్లి పెంచుకునే కోడి గంపలో గుడ్లు పొదుగుతోంది. ఇందులో ప్రాణముంటే దాని కింద పెట్టొచ్చు. లేకుంటే ఇది గంపలోనే మురిగి పగిలి, ఉన్న గుడ్లన్నీ చెడగొడుతుంది.

"నాకియ్యి బిడ్డా," అని చెయ్యి చాపాడు వెంకటనారాయణ. బొగ్గుబాయిలో చేసి రిటైరైన మనిషి. "బాయిల పైకప్పు కట్టెతోటి తట్టి, ఖంగుమంటే గట్టిది, డొల్లగ మోగితే కూలేది అని చెప్పేటోణ్ణి నేనే. నా చెవికి గుడ్డెంత?"

"జల్దీ చెప్పు కాకా, సల్లబడుతది."

"జర ఆగు! ఒకపారి కౌజుపిట్ట గుడ్డు చెవికాడ పెట్టుకోని పిల్లున్నదన్న, ఉన్నది, అదేం పెద్ద ముచ్చట గాదనుకో. ఇంకోపారి నెమలి గుడ్డు, ముట్టంగనే పుంజన్న, దాని పింఛంల ఎన్ని కండ్లొస్తయో గూడ చెప్పిన. ఆ తర్వాత ఏమైందో ఎరుకేనా? నేను బాయి అడుగున ఉన్న, చుట్టూ మిషన్ల మోత, సద్దిగిన్నె మూత తీసిన్నో లేదో పైన అడవిల గుడ్డు కదిలిన సప్పుడినొచ్చింది! మిషన్లు బంద్ జెయ్యమన్న. మేనేజర్ ఉరికొచ్చిండు. కప్పుకు చెవి పెట్టి 'ఏందమ్మా' అంటే, లోపలి పిల్ల 'తాతా, పామొస్తున్నది, జల్దీ రా' అన్నది. నేను పైకొస్తున్నట్టు తెల్సి ఆ పాము గోదారి ఈది అవతలికి పోయింది. ఇగ ఆ జాతి పాములు ఇటు దిక్కే రావు!"

"అట్లనా అన్నా? మరి నిన్న నా పొయ్యికాడ సుట్టుకోని పండుకున్నది ఎవరో?" అన్నది ముత్తక్క.

అందరూ నవ్వారు. కమ్లి నవ్వలేదు. ఆమె చూపంతా గుడ్డు మీదే ఉంది. వెంకటనారాయణ చాయ్ చెంచా అందుకుని గుడ్డును టక్కుటక్కుమని తట్టాడు.

"డొల్ల. సచ్చింది," అని రోడ్డవతలికి విసరడానికి చెయ్యెత్తాడు.

కమ్లి కెవ్వుమని అరిచి ఆ చేతికి వేలాడి, గుడ్డు లాక్కుంది.

బెంచీ మీద కోటేష్ ఉన్నాడు. వెంకటనారాయణతో ఒకే బాయిలో, ఒకే షిఫ్టులో పనిచేసినవాడు. "ఇటు రా చెల్లె," అని తలమీద తువ్వాల కప్పుకుని, ఫోన్ లైటు గుడ్డుకు ఆనించాడు. కమ్లి కూడా తువ్వాల కింద తల దూర్చింది. పెంకు లోపలంతా ఎర్రెర్రని సన్నని నరాలు. నడుమ నల్లటి చుక్క ఒకటి. అది ఉలిక్కిపడ్డట్టు కదిలింది.

"ఉన్నది! పానమున్నది!" అని కేక పెట్టింది కమ్లి.

జనం ఎగబడ్డారు. చాయ్ పొంగి పొయ్యిలో పడుతున్నా ముత్తక్క చూడలేదు. కమ్లి గుడ్డును కొంగులో పొదువుకుని అప్పటికే ఇంటి తోవ పట్టింది.

కోటేష్ మాత్రం తువ్వాల తీసి అట్లాగే నిలబడ్డాడు. తర్వాత వెంకటనారాయణ వైపు తిరిగాడు.

"అన్నా," అన్నాడు మెల్లగా. "నువ్వు తట్టి గట్టిగున్నదంటేనే గదా, గన్నేండ్లు ఆ బాయి కప్పు కింద కూసోని నేను సద్ది తిన్నది!"

బాయిలో చేసిన ఇంకో ఇద్దరు వాళ్లకు తెలియకుండానే నెత్తి తడుముకున్నారు. వెంకటనారాయణ చాయ్ చెంచాను మెల్లగా పక్కన పెట్టాడు.

మధులతా, కోడలా, బడికి పోతూ నువ్వు ఆ పొద్దున అక్కడే చాయ్ తాగావు కదా. పేర్లు ఒకసారి సరిచూడమ్మా. తువ్వాల కప్పుకున్నది కోటేషేనా, వాళ్ల అన్ననా?